అడిగి ఆగాలి

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, ఇంట్లో అందరూ పడుకున్నాక దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే డిస్కార్డ్ యాప్ తెరుస్తాను. మా ఇల్లు హనుమాన్ జంక్షన్‌లో, హైవేకి దగ్గర. లారీల హారన్లు మైకులో పడకుండా కిటికీ వేసుకుని కూర్చుంటాను. గుడివాడ నుంచి ఒకడు, హైదరాబాద్ నుంచి ఇద్దరు, డల్లాస్ నుంచి మా బావమరిది కలుస్తారు. వాడికి అప్పటికింకా మధ్యాహ్నం భోజనమైనా అయ్యుండదు.

ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఆటగాళ్ళు తలా ఒక వేషం కడతారు: మంత్రగత్తె, విలుకాడు, దొంగ. మిగతా లోకమంతా గేమ్ మాస్టర్‌ది, అంటే నాది. రాక్షసుడూ నేనే, పూటకూళ్ళమ్మా నేనే. ఈ పని మనకి కొత్తేం కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడి వెంట నడిచే గొల్లపిల్లవాడు మజిలీ మజిలీకీ ఏదో వింత చూసొచ్చి అడుగుతాడు. వాడు అడిగాకే కథ.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో పన్నెండు పేజీల కథ రాసుకుని కూర్చునేవాణ్ణి. ఓ రాత్రి వాళ్ళు నేననుకోని దారి పట్టారు. గాలివాన పుట్టించి మళ్ళీ నా దారిలోకి తోలాను. ఆట అయ్యాక గుడివాడ తమ్ముడు అన్నాడు, "మేం లేకపోయినా ఈ కథ ఇలాగే నడిచేది కదన్నా." వాడన్నది నిజం. వాళ్ళ మూడు గంటల్ని నేను పాడుచేశాను.

ఇప్పుడు మా జంక్షన్ సెంటర్‌ని తలుచుకుని రాస్తాను. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఒక పక్క నూజివీడు, ఒక పక్క గుడివాడ. ఎటు పోతే ఏముందో రాసుకుంటాను. ఎటు పోవాలో రాయను. ప్రతి రహస్యానికీ మూడు దారులు పెడతాను, ఒకటి తప్పినా ఇంకోటి దొరికేలా.

పోయిన నెల ఆటలో కొల్లేరులాంటి సరస్సు, చలికాలపు మంచు, చిన్న పడవ. అడుగున ఏదో పెద్దది కదిలింది. "ఏం చేస్తారు?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఆన్‌లైన్‌లో మొహాలు కనబడవు కాబట్టి ఆ నిశ్శబ్దం మరీ బరువు. ఏదో ఒకటి అందించాలని నాలుక దురద పెడుతుంది. అక్కడే నోరు మూసుకోవాలి. చివరికి, ఎప్పుడూ అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయి అంది, "తెడ్డు మెల్లగా పైకి తీసేస్తాను. చప్పుడు చెయ్యను."

అది ఫలిస్తుందో లేదో పాచికే తేల్చాలి. పాచిక వేయకముందే అంకె చెప్పేస్తాను. అది నా నియమం. పదిహేనుకి తగ్గకూడదన్నాను. ఇరవై ముఖాల పాచికలో అంతకి సరిపడేవి ఆరే. తెర మీద అందరూ చూస్తుండగా పద్నాలుగు పడింది.

"ఒక్కటే కదా బావా!" అన్నాడు మా వాడు.

మనసు పీకింది. కానీ ఆ ఒక్కటీ వదిలేస్తే ఇకమీదట ఏ గెలుపూ వాళ్ళది కాదు. పడవ బోల్తా పడింది. లాంతరు పోయింది, పటం తడిసి ముద్దయింది. అయితే ఓడినంత మాత్రాన కథ ఆగిపోకూడదు, ఖరీదు పెరగాలంతే. చీకట్లో ఈదుతుంటే ఆ అమ్మాయి కాలికి రాతిమెట్టు తగిలింది. వాళ్ళు నాలుగు వారాలుగా వెతుకుతున్న కోట ఆ నీళ్ళ అడుగునే ఉంది. నేను రాసుకున్న మూడు దారుల్లో అదొకటి. అంతవరకు ఎవరూ అటు రాలేదు.

ఈ రాత్రి మీ పిల్లలకి కథ చెబుతుంటే, మాంత్రికుడి గుహ దగ్గర ఆపండి. "నువ్వయితే ఏం చేస్తావు?" అని అడగండి. వాళ్ళు నోరు విప్పేదాకా మీరు ఒక్క మాట కూడా అందించకండి.