చెవి మడతలో షమామా

షమామా చలికాలపు అత్తరు. ఎండాకాలంలో పూసుకుంటే పక్కవాడు తిడతాడు, తిట్టాలి కూడా. స్వెట్టర్లు బీరువాలోంచి బయటికొచ్చే రోజుల్లో చార్మినార్ దగ్గర ఏదైనా పాత అత్తరు దుకాణం మెట్టెక్కి అడగండి. అనుభవమున్న దుకాణదారు సీసా తీసేముందు మీ మొహం ఒకసారి చూస్తాడు. ఇది మల్లె అత్తరులా అందరితో చనువుగా మసలే రకం కాదు. లవంగం, జాజికాయ, జాపత్రి కలిసి ముక్కును అదరగొడతాయి. మొదటి పావుగంట సగం మూలికల కొట్టు, సగం పోపుల డబ్బా. నేను మొదటిసారి పూసుకున్న రోజు మా ఇంట్లో "ఎవరింట్లోనండీ బిర్యానీ?" అన్నారు. కాసేపు ఆగమన్నాను. ఆగాక ఇంకేమీ అడగలేదు, వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆ కాసేపు తర్వాతే అసలు షమామా. మసాలా ఘాటు వెనక్కి తగ్గుతుంది. రాతిపువ్వు, జటామాంసి, తుంగముస్తలు మెల్లగా లేస్తాయి. అమ్మమ్మలు నలుగుపిండిలో కలిపిన తుంగముస్తలే, కొత్తవేమీ కావు. వాటన్నిటికీ అడుగున శ్రీగంధం.

దీన్ని వండేది గంగ ఒడ్డున కనౌజ్‌లో. 'వండేది' అని తెలిసే అంటున్నాను. డేగ్ అంటే రాగి బాన. దినుసులు, నీళ్ళు పోసి, మూత చుట్టూ దూది కలిపిన మట్టి మెత్తి బిగిస్తారు. కింద కట్టెల మంట. మూతలోంచి తాడు చుట్టిన వెదురు గొట్టం బయల్దేరి, నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన భప్కాలోకి దిగుతుంది. సన్నటి మెడ ఉన్న ఆ రాగి పాత్రలో ముందే శ్రీగంధపు నూనె పోసి ఉంచుతారు. ఆవిరి అక్కడ చల్లబడుతుంది, అందులోని పరిమళాన్ని నూనె పట్టేసుకుంటుంది. నీటిని వేరుచేసి మళ్ళీ బానలో పోస్తారు, నూనె మాత్రం రేపటి వంతు కోసం అక్కడే ఉంటుంది. షమామాలో నలభై, కొందరి దగ్గర ఇంకా ఎక్కువ దినుసులు పడతాయి, ఈ వంట వారాల తరబడి సాగుతుంది. ఆ తర్వాత తోలు కుప్పెలో పోసి ఉంచితే, మిగిలిన తేమ తోలులోంచి బయటికి పోతుంది.

మంట దగ్గర కూర్చున్న పనివాడి చేతిలో థర్మామీటరు ఉండదు. భప్కాను తాకి వేడి చూస్తాడు. లోపలి చప్పుడు విని కట్టె ముందుకు తోస్తాడు, వెనక్కి లాగుతాడు, తడిగుడ్డతో బానను శాంతింపజేస్తాడు. మంట పిసరంత ఎక్కువైతే సరుకు మాడువాసన కొడుతుంది, తక్కువైతే జటామాంసి బానలోంచి కదలదు. కచేరీలో శ్రుతి పట్టినవాడికి శాలువా కప్పుతాం. ఇక్కడ మంటకు శ్రుతి పట్టినవాడి పేరు ఏ సీసా మీదా కనబడదు.

మన సుగంధాల చరిత్ర చాలా పాతది. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి, అంటే పరిమళాలు కలిపే విద్యకు, ఒక అధ్యాయం కేటాయించి, పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి తీస్తే 1,820 కలయికలని లెక్క తేల్చాడు. మన కాకతి గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో చందనానికీ, కర్పూరానికీ, పన్నీటికీ సుంకం నిర్ణయించాడు. కొండవీటి కుమారగిరి రెడ్డికైతే కర్పూర వసంతరాయడని బిరుదు. షమామాను మొదట చేసింది ఫరూఖాబాద్‌లో ఎవరో అన్నదమ్ములంటారు. ఎవరైతేనేం, వాళ్ళకో దండం.

పూసుకోవడం కూడా విద్యే. గాజు పుల్లతో ఒక్క చుక్క, మణికట్టు లోపలివైపు. రుద్దకూడదు. లేదా దూది ఉండను (పాతబస్తీలో ఫాయా అంటారు) చుక్కలో అద్ది చెవి మడతలో దోపుకోవాలి. పట్టుబట్ట మీద పడితే మరక ఖాయం, నూలు చొక్కా కాలరు లోపలివైపు ఫరవాలేదు. స్ప్రే సెంటు మనకంటే ముందే గదిలోకి వెళ్ళిపోతుంది. షమామా ఈద్ నాడు గుండెకు హత్తుకున్నవాడికే తెలుస్తుంది. గల్ఫ్ ఊద్ మోజులో దీన్ని మరిచినవాళ్ళతో నేను వాదించను. (వాదిస్తాను. మా ఇంట్లో అడగండి.)

ఇక ఈ నకిలీలు! శ్రీగంధపు నూనె బంగారమైపోయింది. దాంతో భప్కాలో లిక్విడ్ పారఫిన్ పోసేవాళ్ళు తయారయ్యారు. డీఓపీ పోసేవాళ్ళూ ఉన్నారు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ద్రవమండీ అది! కొందరికి భప్కా కూడా అక్కర్లేదు, ల్యాబు వాసన కలిపి షమామా అని చీటీ అంటిస్తారు. నేనూ ఒకచోట అలాంటి సీసా కొని రెండు రోజులు తలనొప్పితో పడుకున్నాను. రాత్రి దూదికి అద్ది, పొద్దున్నే చూడండి. అసలుదైతే గంధం మిగులుతుంది. నకిలీది రాత్రి అరిచిన అరుపే పొద్దున్నా అరుస్తుంది, లేదా జిడ్డు మిగిల్చి మాయమవుతుంది. నిజమైన పనితనం మిగిలినచోట కూడా కనౌజ్ అత్తర్లకు పెద్ద గిరాకీ పాన్ మసాలా, గుట్కా వ్యాపారం నుంచే. వారాల తరబడి కాచిన మంట చివరికి గోడమీద ఉమ్ముగా తేలుతోంది. దీనికి కోపం రాకపోతే ఇంకెందుకొస్తుంది?

ఆంధ్రాలో, తెలంగాణలో రైతులు శ్రీగంధం మొక్కలు నాటుతున్నారు. అవి చేవదేరడానికి పది, పదిహేనేళ్ళు పడుతుంది. అయ్యా, ఆ గంధంలో కొంతైనా సబ్బుల కంపెనీకి కాకుండా భప్కాకు పంపండి. కాస్త తొందరగా చూడండి, నా సీసాలో ఇంకా అర తులమే ఉంది.