కాఠిన్యమా, కాలయాపనా? ఆక్లండ్‌లో పుట్టిన ఒక ఆటపై ఆటగాళ్ళ తీర్పు

కంప్యూటర్ ఆటలను అమ్మే స్టీమ్ అంగడిలో రివ్యూ రాసేవారికి రెండే దారులున్నాయి: ఈ ఆటను సిఫారసు చేస్తాను, లేదా చెయ్యను. మధ్యేమార్గం లేదు. ఆ తీర్పు పక్కనే, రాసిన మనిషి ఆ ఆటను ఎన్ని గంటలు ఆడాడో కూడా కనిపిస్తుంది. రెండు వేల గంటలు ఆడిన మనిషి ‘సిఫారసు చెయ్యను’ అని రాస్తే చూసేవారికి నవ్వు వస్తుంది. అంత నచ్చని ఆటను అన్నాళ్ళు ఎందుకు ఆడావయ్యా అని అడగబుద్ధవుతుంది. కాని ఆ తీర్పును నవ్వి వదిలెయ్యలేం. ఒక కావ్యాన్ని ఇరవై సార్లు చదివిన పాఠకుడు ఇరవై ఒకటోసారి పుస్తకం మూసి పెదవి విరిస్తే, ఆ విరుపుకు ఏదో కారణం ఉంటుంది. అటువంటి అభిప్రాయాలు దేని గురించి చెబుతున్నాయో, వాటిని ఎలా చదవాలో న్యూజీలండ్‌లో పుట్టిన ఒక ఆట ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ఆట పేరు పాత్ ఆఫ్ ఎగ్జైల్. ఆక్లండ్ నగరంలో 2006లో క్రిస్ విల్సన్, జొనాథన్ రాజర్స్, ఎరిక్ ఓలోఫ్‌సన్ తదితరులు స్థాపించిన గ్రైండింగ్ గియర్ గేమ్స్ దాని నిర్మాత. 2013 అక్టోబరులో పూర్తిస్థాయిలో విడుదలైంది. 2018లో చైనాకు చెందిన టెన్సెంట్ ఆ సంస్థలో అత్యధిక వాటా కొన్నది. నిరంతరం మారుతూ ఎదిగే ఆటలకిచ్చే బాఫ్టా పురస్కారం 2020లో దీనికి దక్కింది. న్యూజీలండ్ అనగానే సినిమాలలో చూసిన పచ్చని కొండలూ మంచు శిఖరాలూ కళ్ళ ముందు మెదులుతాయి గాని, అక్కడివారు కల్పించిన ఈ అద్భుతలోకం అంత అందమైనది కాదు. దాని పేరు రేక్లాస్ట్. ఓరియాత్ అనే దేశం వెలివేసిన నేరస్తులను ఓడలో తెచ్చి పడేసే శాపగ్రస్త ఖండం అది. ఆటగాడు అలా ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఒక బహిష్కృతుడు.

ఈ ఆటను ‘తెరిచిన లోకం’ ఆటల కోవలో చేర్చవచ్చునా అన్నది వివాదాస్పదమే. ఎక్కడికైనా గుర్రమెక్కి పోగలిగే ఎడతెగని భూభాగం ఇందులో లేదు. లోకం విడివిడి ప్రదేశాలుగా ఉంటుంది. తెరిచి ఉన్నది పాత్ర నిర్మాణం. వెయ్యికి పైగా కణుపులున్న నైపుణ్య వృక్షం మీద ఎటు నుంచి ఎటు పోయి ఏ శక్తులను కూడగట్టుకోవాలో ఆటగాడే తేల్చుకోవాలి. నేలమీద తిరిగే స్వేచ్ఛకు బదులు ఈ ఆట ఇచ్చేది వ్యూహంలో తిరిగే స్వేచ్ఛ. దీనిపై వచ్చే అభిప్రాయాలలో ప్రకృతి వర్ణన తక్కువగానూ లెక్కలు ఎక్కువగానూ ఉండడానికి ఇదొక కారణం.

అభిప్రాయంగా మొదలైన ఆట

మొదట గమనించవలసింది, ఈ ఆట పుట్టుకే ఒక ఆటగాళ్ళ అభిప్రాయం. స్థాపకులు డయాబ్లో 2 అనే అమెరికన్ ఆటను విపరీతంగా ఆడినవారు. అలాంటి ఆటలు మళ్ళీ రావడం లేదన్నది వారి ఫిర్యాదు. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌ను ఆ ఫిర్యాదుకు ఏడేళ్ళపాటు రాసిన విస్తృత రూపం అనుకోవచ్చు. నిర్మాతలు ఒక గట్టుమీద, ఆటగాళ్ళు మరో గట్టుమీద నిలబడి వాదించుకున్నారని ఈ చరిత్రను చదివితే అసలు విషయం చేజారుతుంది. రెండు పక్షాలూ ఆటగాళ్ళే. వాదమల్లా ఆటలో ఏది ఆట, ఏది కాదు అన్నదాని మీద.

ఈ వాదానికి మంచి ఉదాహరణ వస్తుమార్పిడి. మొదటి పదేళ్ళలో ఈ ఆటలో బంగారు నాణేలు లేవు. రాక్షసులను చంపితే రకరకాల మాయాగోళాలు రాలుతాయి. ఒక గోళం ఆయుధం గుణాలను మారుస్తుంది, మరొకటి కొత్త గుణాన్ని చేర్చుతుంది. వాడితే ఖర్చయిపోతాయి, వాడకపోతే ఇతరులతో మార్చుకునే డబ్బుగా పనికొస్తాయి. విత్తనాలుగా చల్లుకోవలసిన ధాన్యాన్నే కొలిచి వెలకట్టే పాత పల్లె మారకంలాంటిది ఈ ఏర్పాటు. అందులో ఒక చమత్కారం, ఒక చిక్కు రెండూ ఉన్నాయి. కావలసిన వస్తువు ఎవరి దగ్గర ఉందో వెతికి, వారికి సందేశం పంపి, వారు జవాబిస్తే వారి స్థావరానికి వెళ్ళి, ఎదురెదురుగా నిలబడి మార్చుకోవాలి. చాలామంది జవాబివ్వరు. అలా ఒకరి తరువాత ఒకరికి సందేశాలు పంపుతూ కూర్చోవాలి.

దీనిని సులభం చెయ్యమని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. 2017లో సంస్థ ఒక సుదీర్ఘ ప్రకటనలో తన వాదం వినిపించింది. కొనడం మరీ సులువైతే ప్రతివాడికీ మంచి ఆయుధాలు తొందరగా దొరికిపోతాయి. అప్పుడు రాక్షసుడు రాల్చిన వస్తువును వంగి చూసే కుతూహలం చచ్చిపోతుంది. చివరకు దొరికే వస్తువుల సంఖ్యనే తగ్గించవలసి వస్తుంది. ఇది కేవలం ఊహ కాదు. డయాబ్లో 3లో 2012లో తెరిచిన వేలంశాల ఆటనే మింగేస్తున్నదని దాని నిర్మాతలే 2014 మార్చిలో దాన్ని మూసివేశారు. కారణం చెప్పడంలో ఆక్లండ్ వారి వాదం నిలుస్తుంది. కాని ఆటగాళ్ళు చెప్పిన బాధ కూడా నిజమే. పగలంతా ఉద్యోగం చేసి, పిల్లలు పడుకున్నాక దొరికిన ఒక్క గంటలో ఇరవై నిమిషాలు అపరిచితుల జవాబుల కోసం కాచుకోవడం ఆట అనిపించుకోదు.

పృచ్ఛకుడు లేచి వెళ్ళిపోతే

ఈ రెండు నిజాలను ఒకచోట పెట్టి చూడడానికి మన అవధాన విద్య పనికివస్తుంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కొక్క అక్షరం చెబుతూ పోతుంటే, తరువాత రాగల అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తూ పోతాడు. సరళమైన దారులన్నీ మూసుకుపోయాక మిగిలిన సందులోనుంచి పద్యం బయటికి వస్తుంది. సభ చప్పట్లు కొట్టేది ఆ ఇరుకుకే. నిషేధాన్ని ఎత్తివేస్తే అది అవధానం కాదు. అయితే అదే సభలో నిషేధించవలసిన పృచ్ఛకుడు కాఫీకని లేచి వెళ్ళిపోయాడనుకోండి. అవధాని ఖాళీగా కూర్చోవలసి వస్తుంది. ఆ నిరీక్షణ కూడా అవధానికి కష్టమే. కాని దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

మొదటిది కాఠిన్యం, రెండవది కాలయాపన. కాఠిన్యం ఆడేవాడి బుద్ధిని పనిలో పెడుతుంది. కాలయాపన బుద్ధికి సెలవిచ్చి మనిషిని మాత్రం కూర్చోబెడుతుంది. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌పై వచ్చిన నిరసనలన్నిటినీ ‘కష్టంగా ఉంది’ అనే ఒక్క మాట కింద జమ కట్టడం వల్ల ఈ భేదం మరుగున పడింది.

2022లో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెడితే ఇది స్పష్టమవుతుంది. ఈ ఆటలో కొన్ని నెలలకొకసారి ‘లీగ్’ పేరుతో అందరూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన లేక్ ఆఫ్ కలాండ్రా లీగ్‌లో, పాత లీగ్‌ల రాక్షసులకు ఎప్పటినుంచో ఉన్న అదనపు రాబడిని తగ్గించారు. దాని ప్రభావం ఎంత ఉంటుందో ఆడాక గాని ఆటగాళ్ళకు అర్థం కాలేదు. నిరసన తీవ్రమై, సంస్థ వివరణలిచ్చి సవరణలు చెయ్యవలసి వచ్చింది. అదే ఏడాది చివర్లో రూత్‌లెస్ అనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. అందులో వస్తువులు దొరకడం కలాండ్రాలో కంటే ఎన్నో రెట్లు అరుదు. అయినా దానిపై తిరుగుబాటు రాలేదు. దానిని కోరి ఆడేవారు ఏర్పడ్డారు. ఎందుకంటే రూత్‌లెస్ ఎవరికి వారు ఎంచుకునేది. కొరత ఎంత ఉంటుందో ముందే తెలుసు. దొరికిన ప్రతి చిన్న వస్తువుకూ విలువ వచ్చేలా ఆ కొరత చుట్టూ ఆటంతా అల్లి ఉంది. కలాండ్రాలో వచ్చిన కొరత మాత్రం సమృద్ధికి అలవాటుపడిన ఆటలోకి చొరబడింది. చెయ్యవలసిన పని అంతే ఉంది, ఫలం తగ్గింది.

ఈ వాదానికి ఎదురు చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2021 జులైలో ఎక్స్‌పెడిషన్ లీగ్‌తో ఆటగాళ్ళ శక్తిని అనేక విధాల తగ్గించినప్పుడు, సంస్థ ఆ విషయాన్ని ముందే బహిరంగంగా చెప్పింది. అయినా నిరసన వచ్చింది. అంటే ముందే చెప్పినంత మాత్రాన నిషేధం ఒప్పందం కాదు. ప్రతి లీగ్ కొత్త శక్తులు చేర్చుతూ పోతే చివరకు రాక్షసుడు తెరమీదికి రాకముందే చస్తాడు, పోరాటానికి అర్థం ఉండదు అన్న నిర్మాతల భయం సబబైనదే. కాని ఏళ్ళ తరబడి నేర్చుకున్న నేర్పును తగ్గించినప్పుడు, దాని స్థానంలో చెయ్యగలిగిన కొత్త పని ఏదో చూపించాలి. నిషిద్ధాక్షరిలో ఒక అక్షరం పోయినా మిగిలిన అక్షరాలతో పద్యం సాధ్యమన్న నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం చూపించకుండా అక్షరాలు మాత్రం తీసేస్తే ఏ అవధానీ ఉత్సాహపడడు.

రెండవ భాగం నేర్పిన పాఠం

పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2 ఎర్లీ యాక్సెస్ రూపంలో 2024 డిసెంబరు 6న వచ్చింది. జొనాథన్ రాజర్స్ దానికి దర్శకుడు. శత్రువు దెబ్బను గమనించి పక్కకు దొర్లి తప్పించుకోవలసిన, నిదానమైన, నిక్కచ్చి పోరాటాన్ని అతను కోరుకున్నాడు. మొదట్లో ఆదరణ బాగానే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో డాన్ ఆఫ్ ద హంట్ ప్యాచ్ ఆటగాళ్ళ శక్తిని బాగా తగ్గించేసరికి స్టీమ్‌లో ఆ రోజుల రివ్యూలు ప్రతికూలం వైపు ఒరిగాయి. ప్రదేశాలు మరీ పెద్దవి, నడకకే సమయం పోతున్నది, దొరికేది తక్కువ అన్నవి ప్రధాన ఫిర్యాదులు. నిర్మాతలు వరుసగా సవరణలు విడుదల చేశారు, ఆటగాళ్ళ ప్రతినిధులనదగిన ప్రసారకర్తలతో కూర్చుని సమాధానాలు చెప్పారు.

అసలు ఆసక్తికరమైన జవాబు మాటలలో కాక ఆటలో వచ్చింది. 2025 ఆగస్టులో విడుదలైన థర్డ్ ఎడిక్ట్ ప్యాచ్‌లో పాత్రకు పరుగెత్తే శక్తి ఇచ్చారు. ఖాళీ మైదానాలను వేగంగా దాటవచ్చు. కాని పరుగులో దెబ్బ తగిలితే పాత్ర కూలబడుతుంది, శత్రువులకు దొరికిపోతుంది. అంటే వృథానడక పోయింది, అపాయం నిలిచింది. ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి అన్న కొత్త నిర్ణయం ఆటలోకి వచ్చింది.

వస్తుమార్పిడి విషయంలోనూ అదే సూత్రం. 2024 జులైలో మొదటి ఆటకు, సెటిలర్స్ ఆఫ్ కల్గూర్ లీగ్‌తో, మాయాగోళాలను అపరిచితులకు సందేశాలు పంపే పని లేకుండా మార్చుకునే మారకకేంద్రం వచ్చింది. 2025 ఆగస్టులో రెండవ ఆటలో, అమ్మేవాడు లేకపోయినా అతని దుకాణం నుంచి వస్తువు కొనుక్కునే వీలు వచ్చింది. రెండు చోట్లా బంగారం రూపంలో రుసుము కట్టాలి. ఆ బంగారం ఇతరుల నుంచి కొనుక్కునేది కాదు. స్వయంగా ఆడి సంపాదించవలసిందే. 2017 నాటి ప్రకటనలోని భయాన్ని సంస్థ పూర్తిగా వదులుకోలేదు. కొనుగోలుకు అడ్డు ఉండాలన్న సూత్రాన్ని నిలుపుకుని, ఆ అడ్డును కాచుకునే సమయం నుంచి ఆడే సమయంలోకి జరిపింది. పృచ్ఛకుణ్ణి మళ్ళీ అతని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఏడేళ్ళు పట్టిన ఈ పరిష్కారం ఆటగాళ్ళు అడిగినదీ కాదు, నిర్మాతలు మొదట సమర్థించినదీ కాదు. బాధ ఎక్కడో ఆటగాళ్ళు సరిగానే చెప్పారు, మందు మాత్రం సరిగా చెప్పలేదు. మందు ఎందుకు వికటిస్తుందో నిర్మాతలు సరిగానే చెప్పారు, బాధను మాత్రం చాలాకాలం తేలికగా తీసుకున్నారు.

అభిప్రాయాలు చెప్పనివి

ఆటగాళ్ళ అభిప్రాయాలకు ఇంత విలువ ఇచ్చాక వాటి పరిమితులు కూడా చెప్పాలి. కాఠిన్యమే గిట్టనివాడూ, కాఠిన్యాన్ని ప్రేమించి కాలయాపనను ద్వేషించేవాడూ స్టీమ్‌లో ఒకే బొటనవేలిని కిందికి తిప్పుతారు. శాతాలలో ఆ ఇద్దరూ ఒక్కటే. ఆ శాతాన్ని చూసి ఆటను సులభం చేస్తే రెండవవాడు వెళ్ళిపోతాడు. పట్టించుకోకపోతే ఇద్దరూ వెళ్ళిపోతారు. విసుగు పుట్టి మాట్లాడకుండా మానేసినవారి అభిప్రాయమైతే ఎక్కడా నమోదు కాదు. పేజీలకొద్దీ కోపంగా రాసేవాడు ఇంకా ఆటను వదలనివాడని గ్రహించాలి.

మరో లోటు కథ విషయంలో. రేక్లాస్ట్ లోకంలో కారుయి అనే యోధజాతి ఉంది. ఆ పేర్లలో, పూర్వీకుల ఆరాధనలో, పచ్చబొట్లలో మావోరీ సంస్కృతి ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. నేరస్తులను ఓడలకెక్కించి దూరతీరాలకు పంపిన సామ్రాజ్యచరిత్ర నీడ కూడా ఈ కథ మీద పడింది. ఆక్లండ్‌లో తప్ప మరోచోట పుట్టే కథ కాదేమో అనిపిస్తుంది. కాని ఆటగాళ్ళ అభిప్రాయాలలో దీని ప్రస్తావన అరుదు. ప్రతి లీగ్‌లోనూ అదే కథను మళ్ళీ దాటవలసి రావడంతో, కథ కూడా వారి లెక్కలో కాలయాపన కింద చేరిపోయింది. ఒక కల్పిత దేశాన్ని వందలసార్లు నడిచి, ఆ దేశం ఎవరిదో అడగకుండా తిరిగి రావడం మామూలయింది. ఈ లోటుకు ఆటగాళ్ళనొక్కరినే తప్పుపట్టలేం. కథను గేటులా నిలబెట్టిన నిర్మాణానికీ అందులో భాగముంది.

మొదట చెప్పుకున్న రెండు వేల గంటల మనిషి దగ్గరకు మళ్ళీ వద్దాం. అతని తీర్పులో వైరుధ్యం లేదు. అతను ఆ గంటలలో చాలావాటిని ఆటకిచ్చాడు, కొన్నింటిని ఆట అతని చేతిలోంచి లాక్కుంది. ఇచ్చినవాటికి అతనికి విచారం లేదు. లాక్కున్నవాటి లెక్క అడుగుతున్నాడు. మనలో చాలామందికి సెలవు దినాలు కూడా లెక్కపెట్టుకుని వాడుకోవలసిన బతుకులే కనుక, ఆ లెక్క ఎంత న్యాయమైనదో ఒకరు వివరించి చెప్పనక్కరలేదు.