డబ్బా ఎక్కడ పెడతారు?

నాట్రంపల్లిలో ఉండేవాళ్లకు కంప్యూటరు సామాను కొనడానికి రెండు దారులు. హైవే ఎక్కి తూర్పుకు పోతే చెన్నై రిచీ స్ట్రీటు, పడమటికి పోతే బెంగళూరు ఎస్పీ రోడ్డు. ఇప్పుడైతే ఎటూ పోనక్కరలేదు, ఫోనులో నొక్కితే గుమ్మంలోకి తెచ్చిస్తారు. ఎక్కడ కొన్నా సరే, వైఫై రౌటరు కొనబోయే మావాళ్లు నన్నడిగేది ఒకటే. "ఎన్ని యాంటెన్నాలది తీసుకోమంటావన్నా?" నాలుగుంటే మేలు, ఆరుంటే ఇంకా మేలు, ఎనిమిదుంటే వీధి చివరిదాకా అందుతుందని వాళ్ల లెక్క. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: ఇంట్లో డబ్బా ఎక్కడ పెడతారు? దీనికి మాత్రం జవాబు రాదు. ఆ సంగతి కేబులతను చూసుకుంటాడు కదా అంటారు.

నన్నడిగితే అసలు తప్పంతా అక్కడే. ఏ డబ్బా కొనాలన్నది రెండో మాట. అది ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడం మొదటి మాట.

యాంటెన్నాల మోజు ఊరికే పుట్టలేదులెండి. దాని వెనక ఉన్న మనిషి మన తమిళనాడువాడే. పొల్లాచ్చిలో పుట్టి, నౌకాదళంలో పనిచేసి, తర్వాత స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే క్షణంలో, వేర్వేరు యాంటెన్నాల నుంచి వేర్వేరు సమాచారం పంపి అవతల దాన్ని విడదీసుకోవచ్చని చెప్పినాయన. అక్కడి ఆచార్యుడు థామస్ కైలాత్‌తో కలిసి ఆయన వేసిన పేటెంటు 1994లో మంజూరైంది. దీన్నే మైమో అంటారు. 2009లో 802.11ఎన్ ప్రమాణం ఖరారయ్యాక అది ఇంటింటి రౌటర్లలోకి దిగింది. 2014లో పాల్‌రాజ్‌కు మార్కోనీ బహుమతి ఇచ్చారు. గోడకూ కప్పుకూ తగిలి చెదిరి వచ్చే తరంగాలను అంతకు ముందు బెడదగా చూసేవారు. ఆయన వాటితోనే పని చేయించుకున్నారు.

అయితే అంగట్లో చెప్పని మాట ఒకటుంది. రౌటరుకు నాలుగు యాంటెన్నాలున్నా మీ ఫోనులో రెండే ఉంటే ఆ ఫోనుకు అందేవి రెండు ధారలే. డెస్క్‌టాప్ వెనక గుచ్చే చౌక డాంగిల్‌లో ఉండేది ఒక్కటే. పైగా డబ్బా ఎంత శక్తితో ప్రసారం చెయ్యొచ్చో ప్రభుత్వ నిబంధన కట్టడి చేసింది. యాంటెన్నాలు పెరిగాయని ఆ కట్టడి సడలదు. ఎనిమిది కొమ్ముల డబ్బాను తీసుకుపోయి టీవీ వెనక మూల పెడితే, రెండు కొమ్ములది నడిమింట్లో పెట్టిన పక్కింటాయన మీకంటే సుఖంగా ఉంటాడు.

గోడ ఎంత అడ్డమో తెలియాలంటే గోడ లేని చోట ఏమవుతుందో చూడాలి. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపకులు డాక్టర్ వెంకటస్వామి మనలాగే తమిళనాట పుట్టిన తెలుగింటి బిడ్డ. 2000ల నడుమ, ఆ సంస్థ తేని ఆసుపత్రిని చుట్టుపక్కల పల్లెల్లోని కంటి పరీక్ష కేంద్రాలతో కలిపింది. కలిపింది వైఫైతోనే. బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులూ ఇంటెల్ సంస్థా చెయ్యి వేశారు. మనం రౌటర్లలో వాడే జాతి రేడియోలే, కాకపోతే టవరు మీద ఒకదానికొకటి ఎదురెదురుగా గురిపెట్టిన యాంటెన్నాలు, అంత దూరానికి సరిపడేలా మార్చుకున్న సాఫ్ట్‌వేరు. పది పదిహేను కిలోమీటర్ల దాకా పోయింది సిగ్నలు. పల్లెలో కూర్చున్న ముసలమ్మతో తేనిలోని డాక్టరు తెర మీద మాట్లాడాడు. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి కేంద్రం లైసెన్సు తీసెయ్యడంతో ఇలాంటి పనులకు దారి సులువైంది. పంట చేల మీదుగా ఊళ్లు దాటే ఆ తరంగమే మన హాల్లోంచి వంటింట్లోకి రాలేక చతికిలబడుతుంది. అడ్డం వచ్చేది దూరం కాదు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, కాంక్రీటు కప్పు, అందులోని కమ్మీలు.

మా మేనత్త ఇల్లే తీసుకోండి. మా వీధిలో ఇళ్లన్నీ అదే వాటం. ముందు హాలు, దాని వెనక ఒక గది, ఆ వెనక వంటిల్లు, పక్కన మెట్లు, పైన ఒక గది. కేబులతను స్తంభం నుంచి ఫైబరు లాగి, దగ్గరగా ఉన్న కిటికీలోంచి లోపలికి తెచ్చి, ప్లగ్గు కనబడ్డ టీవీ స్టాండు కింద డబ్బా దించేసి పోయాడు. అతన్ని అనడానికి లేదు, రోజుకు ఎన్ని ఇళ్లో. టీవీ వెనక రేకు, పక్కన సెట్‌టాప్ బాక్సు, గోడకు అవతల అద్దం తలుపుల బీరువా. ఇనుము తరంగాన్ని పోనివ్వదు, అద్దం వెనకుండే లోహపు పూత వెనక్కి కొడుతుంది.

"ఏం నాయనా, నెలనెలా దుడ్డు కడతానే ఉండాము, వంటింట్లోకి వస్తేనే సీరియలు నిలిచిపోతా ఉండాది" అంది అత్త.

"కొత్త డబ్బా కొందామా అత్తా?" అన్నాను పరీక్షకు.

"నువ్వు చెప్తే కొంటాము."

కొనలేదు. ఫోనులో సిగ్నలు కొలిచే యాప్ ఒకటి వేసుకుని ఇల్లంతా తిరిగాం. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. డబ్బా పక్కన మైనస్ 40 ప్రాంతం. మైనస్ 67 దాకా వీడియో సాఫీగా నడుస్తుంది. మైనస్ 80 దగ్గర పేరు కనబడుతుంది గానీ పని జరగదు. ఈ లెక్కలో పది దిగిందంటే చేరిన శక్తి పదో వంతుకు పడిపోయిందని. హాలు దాటి గదిలోకి అడుగు పెట్టగానే, సరిగ్గా బీరువా నీడలో, అంకె దభీమని పడింది. వంటింట్లో మైనస్ 79. మెట్ల మలుపులో నిలబడితే మాత్రం విచిత్రంగా బాగుంది. మెట్ల దారి కింద నుంచి పైకి తెరిచిన గొయ్యి కదా, అక్కడ కప్పు లేదు.

డబ్బాను అక్కడికే మార్చాలని తేలింది. కేబులతన్ని పిలిపించి పొడుగు ఫైబరు ప్యాచ్‌కార్డు అడిగాం. ఆకుపచ్చ మూతి ఉన్నదే కావాలని ముందే చెప్పాలి, నీలం మూతిది దానికి నప్పదు. లోపలుండేది వెంట్రుకంత గాజు దారం. చేతి గాజు కంటే చిన్న చుట్ట చుడితే, తలుపు సందులో నలిపితే, వెలుతురు కారిపోతుంది. అతను జేబులోంచి ఆ వెలుతురు కొలిచే మీటరు తీసి గుచ్చి చూశాడు, మైనస్ 21. అది మైనస్ 27 దాటితే డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంది, ఇక రౌటరు పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, తప్పు దారంలో ఉంది. మెట్ల మలుపులో మనిషెత్తున పలక కొట్టించి డబ్బా ఎక్కించాం. వంటిల్లు మైనస్ 62కి వచ్చింది. పైన గుడ్డ కప్పుతానంది అత్త, వేడెక్కుతుందని వద్దన్నాను.

పై గదిలో మనవడి డెస్క్‌టాప్ ఉంది. దానికి డాంగిల్ కావాలని వాడి పట్టు. మేజా కింద, గోడకు ఆనించిన ఇనప క్యాబినెట్ వెనక డాంగిల్ గుచ్చడమంటే దాన్ని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. తప్పదనుకుంటే చిన్న యూఎస్‌బీ పొడిగింపు తీగ తగిలించి మేజా మీదికి తెచ్చుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో హార్డ్ డిస్కు తిరుగుతుంటే, అందులోంచి వచ్చే రేడియో రొద పక్కనున్న 2.4 డాంగిల్‌ను చెవిటిదాన్ని చేస్తుంది. ఇంటెల్ సంస్థే 2012లో దీన్ని కొలిచి పత్రం వేసింది. సినిమా కాపీ చేసేటప్పుడే నెట్ ఎందుకు పోతుందో అర్థంకాక సతమతమయ్యే కుర్రాళ్లకు ఇది చెబితే నమ్మరు.

నా మాటైతే, కదలని కంప్యూటరుకు తీగే వెయ్యండి. క్యాట్ 6 తీగ వంద మీటర్ల దాకా భేషుగ్గా పనిచేస్తుంది, మన ఇళ్లలో పదిహేను మీటర్లు మించదు. మెట్ల అంచున బిగించి పైకి తీసుకుపోయాం. ఆ కొసకు మూలనపడ్డ పాత రౌటరు తగిలించుకుంటే పై గదికి వేరే వైఫై కూడా వచ్చేసింది. తీగ వ్యాన్ రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో గుచ్చాలి, పాతదానిలో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపెయ్యాలి, దాని అడ్రసు కొత్తదానితో ఢీకొనకుండా మార్చాలి. అంతే. గోడకు గుచ్చే రిపీటరు అమ్మజూపుతారు. మామూలు రకమైతే అది విన్న రేడియోతోనే తిరిగి చెప్పాలి గనక వేగం సగానికి పడుతుంది.

చానల్ మాట కూడా చెప్పాలి. 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఇమిడేవి 1, 6, 11 మూడే. గోడ గోడ కలిసిన మా వీధిలో వెతికితే పది ఇళ్ల పేర్లు తేలతాయి, అందులో సగం ఒకే చానల్ మీద. ఖాళీగా ఉన్నదానికి మార్చుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచితే చాలు. 5 గిగాహెర్ట్జ్ గోడ దాటడానికి మొరాయిస్తుందని తిట్టుకుంటాం గానీ, పక్కింటివాళ్లదీ మన ఇంట్లోకి రాదు. డబ్బా ఉన్న గదిలో దానికి సాటి లేదు.

కరెంటు సంగతి మరిచిపోకూడదు. తేని పల్లెల్లో ఆ పరిశోధకులకు దూరం కంటే ఎక్కువ తిప్పలు పెట్టింది కరెంటు ఒడిదుడుకులే. కుదుపులకు బోర్డులు కాలిపోయేవి. మన డబ్బాలు ఎక్కువగా 12 వోల్టులవి, అరచేయంత మినీ యూపీఎస్ ఒకటి మధ్యలో పెడితే కరెంటు పోయినా ఆగవు. కొనేముందు అడాప్టరు మీద రాసిన ఆంపియర్లు చూసుకోవాలి, యూపీఎస్ అంతకు తక్కువ ఇచ్చేదైతే పనికిరాదు.

చివరకు పాస్‌వర్డు. డబ్బా లోపలికి వెళ్లే గడియ ఇంకా అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటే ముందు అది మార్చాలి. వైఫైకి డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టాలి. మనవడి పేరూ పుట్టిన సంవత్సరమూ పెడదామంది అత్త, వీధిలో అందరికీ తెలిసినవి ఆ రెండే అన్నాను. జాతరకు కుప్పం నుంచి, గుడియాత్తం నుంచి చుట్టాలొస్తే చెప్పులు విడవకముందే అడిగేది పాస్‌వర్డే గనక, గెస్ట్ నెట్‌వర్క్ వేరే పేరుతో తెరిచాం. దాని పాస్‌వర్డు క్యాలెండరు వెనక పెద్దక్షరాలతో అత్తే రాసి పెట్టింది. తెలుగులో కాదు, చుట్టాల పిల్లలకు తెలుగు చదవడం రాదని ఇంగ్లీషక్షరాల్లో. జాతర అయిపోయిన మర్నాడు మార్చేస్తుందట.