ఐదున్నరా, ఐదూ ఆరా?

ఐదు కిటికీలు. ఒక్కోదానికి 5 అడుగుల 6 అంగుళాల నిలువు ముక్కలు రెండు, 3 అడుగుల 10 అంగుళాల అడ్డం ముక్కలు రెండు. వడ్రంగి మేస్త్రి సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చిన కొలతలివి. టేకు బీడింగు ఎన్ని అడుగులు తేవాలో తేల్చడం నా వంతు. ముప్పై ఏళ్లు ఆఫీసులో లెక్కలు రాసిన చెయ్యి కదా! స్ప్రెడ్‌షీట్ తెరిచి పది గళ్లలో 5.6, పది గళ్లలో 3.10 కొట్టాను. మొత్తం 87 అంది. అడితికెళ్లి సరిగ్గా 87 అడుగులు తెచ్చాను. ఐదో కిటికీ సగంలో ఉండగా బీడింగు అయిపోయింది.

“బాబుగారూ, మిగతాది బండిలో ఉండిపోయిందేమో చూడండి” అన్నాడు మేస్త్రి. మర్యాదస్తుడు.

బండిలో ఏమీ లేదు. తప్పు చుక్కలో ఉంది. నేను పెట్టిన చుక్క అడుగులకీ అంగుళాలకీ మధ్య గోడ. యంత్రానికి అది దశాంశం. 5.6 అడుగులంటే దాని దృష్టిలో 5 అడుగుల 7.2 అంగుళాలు. ఒక్కో నిలువు ముక్క దగ్గర అంగుళంపైన ఎక్కువ లెక్కేసింది. 3.10 గతి మరీ అన్యాయం. ఎంటర్ నొక్కగానే సున్నా ఎగిరిపోయి 3.1 మిగిలింది. అంటే 3 అడుగుల 1 అంగుళం రాయాలన్నా, 3 అడుగుల 10 అంగుళాలు రాయాలన్నా గడిలో కనబడేది ఒకటే. ఒకవైపు పెరిగి, ఒకవైపు తరిగి, చివరికి నమ్మబుద్ధేసే అంకె వచ్చింది. అసలు కావలసింది 93 అడుగుల 4 అంగుళాలు.

చిత్రమేమిటంటే క్రికెట్ చూసేటప్పుడు ఈ పొరపాటు ఎవరూ చెయ్యరు. 3.4 ఓవర్లకు మరో 3.4 కలిపితే 7.2 అని పదేళ్ల పిల్లాడు చెబుతాడు. అక్కడ చుక్క తర్వాత ఆరు బంతులేనని ఒంటికి తెలుసు. టేపు పట్టుకునేసరికి ఆ తెలివి ఎటో పోతుంది. నోటితో అనుకున్నా బతికిపోయేవాణ్ణి. 5 అడుగుల 6 అంగుళాలను మనం ఐదున్నర అంటాం. ఐదున్నర అన్నవాడెవడూ 5.6 రాయడు.

ఆ రాత్రి కూర్చుని పద్ధతి మార్చాను. అడుగులకో వరుస, అంగుళాలకో వరుస. మూడో వరుసలో అడుగులను 12తో హెచ్చించి అంగుళాలు కలపడం. కూడిక అంతా అంగుళాల్లోనే. చివర్లో ఒక్కసారి 12తో భాగిస్తే పూర్ణాంకం అడుగులు, శేషం అంగుళాలు. ఇంట్, మాడ్ అనే రెండు ఫార్ములాలు ఆ పని చేస్తాయి. కొలతను 5 పక్కన ఒంటి గీత, 6 పక్కన జంట గీత పెట్టి అందంగా రాసే అలవాటుంటే మానుకోండి. యంత్రం దాన్ని అక్షరాల కింద జమకట్టి, మొత్తంలో కలపకుండా మెల్లగా దాటేస్తుంది. అంగుళంలో 3/8 అని ఉత్తగా కొడితే మన దేశపు సెట్టింగుల్లో ఆగస్టు 3 అయి కూర్చుంటుంది. ముందు సున్నా, ఒక ఖాళీ, తర్వాత 3/8 కొట్టాలి. 10 3/8కి ఆ బెడద లేదు.

అడుగుల్లోకి మార్చి కూడితే ఏం పోయిందనొచ్చు. అంగుళాన్ని అడుగు చేస్తే 1/12, అంటే 0.08333 అలా సాగుతూనే ఉంటుంది, ఎక్కడో తెగ్గొట్టక తప్పదు. అర, అరలో అర, అందులో అర మాత్రం రెండు అంకెలతో బతికే కంప్యూటరుకు మాతృభాష. 3/8ని రవ్వంత కూడా చెదరనివ్వదు. అంగుళంలో ఎనిమిదో వంతును మా మేస్త్రి నూలు అంటాడు. హైదరాబాద్‌లో సూత్ అంటారు. పదహారో వంతుకు మన పాత లెక్కల్లో వీసం ఉండనే ఉంది. కరణాలు భిన్నాలను నాలుగుతో భాగించుకుంటూ పోయేవారు. నిలువు గీత ఒకటైతే కాలు, అడ్డగీత ఒకటైతే వీసం. ఆ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి. నా స్ప్రెడ్‌షీట్ వాటిని బొమ్మల్లా చూపిస్తుందే గాని కూడలేదు.

డాలర్‌డీఈ అని ఓ ఫార్ములా కూడా ఉంది. అమెరికాలో 2001 దాకా షేర్ల ధరలు వంతుల్లో చెప్పేవారు, అలాంటి ధరల కోసం పెట్టింది. దానికి 5.06, 12 ఇస్తే 5.5 అంటుంది. పొరపాటున 5.6 ఇచ్చామా, అరవై అంగుళాలనుకుని పది అడుగులు చేస్తుంది. నాలాంటివాళ్లు దూరంగా ఉండటం మేలు.

ఇంకో గుంట ఉంది. 1828 మిల్లీమీటర్ల అద్దం కొలతను 25.4తో భాగించి అంగుళాలు చేశాను. నూళ్లకు సవరించి చూపమంటే 5 అడుగుల 12 అంగుళాలు అంది! ముందు అడుగులు విడదీసి, తర్వాత శేషాన్ని సవరించడం వల్ల వచ్చిన చిక్కు. మొత్తాన్ని ముందే 8తో హెచ్చించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి, మళ్లీ 8తో భాగించాక విడదీస్తే 6 అడుగులు వస్తుంది.

కొత్త షీటు మేస్త్రికి చూపించాను. అంతా చూసి, “రంపం తినేది ఎక్కడ రాశారండీ?” అన్నాడు. ఇరవై ముక్కలు, కోతకో నూలు చొప్పున పొట్టయితే రెండున్నర అంగుళాలు. దానికీ ఓ వరుస చేర్చాను.

రెండోసారి తెచ్చిన టేకు వేరే దుంగది. ఐదో కిటికీకి కుడివైపు బీడింగు ఇప్పటికీ ఓ ఛాయ ఎరుపు.