గడియారం చూసి ఇచ్చే మాత్ర

క్యాన్సర్ ముదిరిన మనిషికి మార్ఫిన్ మాత్ర నొప్పి వచ్చాక ఇవ్వరు, రాకముందే ఇస్తారు. మామూలు మాత్రైతే నాలుగు గంటలకోసారి. పడుకునేటప్పుడు మోతాదు రెట్టింపు చేస్తే అర్ధరాత్రి లేపి మింగించే పని తప్పుతుంది. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేయడానికి అదనపు మాత్ర దగ్గరుండాలి. విరేచనం మందూ మొదటి రోజు నుంచే ఇవ్వాలి, లేకపోతే నొప్పి తగ్గినా మలబద్ధకం చంపుతుంది. ఇవన్నీ డాక్టరు చీటీ మీద ఉంటాయి, జరిగేది మాత్రం నర్సు చేతుల మీదుగానే.

"ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోండి" అన్న మాట మన ఆస్పత్రుల్లో రోజూ వినిపిస్తుంది. అది తప్పుడు మాట. 1967లో లండన్‌లో నయం కానివాళ్లను చూసుకోవడానికే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సే. శరీరం నొప్పి, మనసు బెంగ, ఇంటి అప్పు, దేవుడి మీద కోపం అన్నీ కలిసి ఒకే బాధగా ఉంటాయని ఆమె చెప్పింది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఇలా బాధ తగ్గించే చికిత్స, అంటే పాలియేటివ్ కేర్, వేళ్లూనడంలో డాక్టర్ గాయత్రీ పాలట్‌ది పెద్ద పాత్ర. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దగ్గరలోనే, రాజేంద్రనగర్ పక్కన కిస్మత్‌పూర్‌లో కుముదిని దేవి హాస్పిస్ ఉంది. అదే రంగారెడ్డి జిల్లాలో చేవెళ్లలో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రం, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లే 'ఆలన' వాహనాలు ఉన్నాయి.

పుండు కట్టు మార్చడం చూస్తే ఈ పని ఏమిటో తెలుస్తుంది. దవడకో రొమ్ముకో వచ్చిన గడ్డ పగిలి కుళ్లితే ఆ వాసనకు మనవళ్లు కూడా గది గడప తొక్కరు. సిస్టర్ ముందు ఓ మాత్ర వేసి అరగంట ఆగుతుంది. అంటుకుపోయిన పాత గుడ్డను లాగదు, సెలైన్‌తో తడిపి తడిపి దానంతట అదే ఊడేదాకా ఓపిక పడుతుంది. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి ఆ పొడి పుండు మీద చల్లుతుంది. కొన్ని రూపాయల మందు. వాసన తగ్గితే మనుషులు మళ్లీ మంచం దగ్గరికొస్తారు.

ఆయాసానికి తల ఎత్తుగా పెట్టి, ముఖానికి ఫ్యాను గాలి తగలనిస్తారు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు, ఎండిన నోటిని తడిగుడ్డతో తుడుస్తారు. మార్ఫిన్ అంటే మత్తు, అలవాటైపోతుందన్న భయం ఇంకా పోలేదు. నొప్పికి తగినంత, కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తే ఆ భయం అక్కర్లేదు. సర్కారు అనుమతితో నల్లమందు పండించే దేశం మనది, దాన్నుంచి తీసే మార్ఫిన్ దొరక్క అల్లాడేదీ మనవాళ్లే! 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సడలించినా మార్ఫిన్ నిల్వ ఉంచే ఆస్పత్రులు తక్కువ.

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్లలో సిస్టర్లకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మా తమ్ముడు దుబాయ్‌ల ఉంటడు సిస్టర్, ఎప్పుడు రమ్మనాలె?" పాదాలు చల్లబడటం, మూత్రం తగ్గడం, మింగలేకపోవడం, శ్వాస మధ్యమధ్య ఆగి రావడం వాళ్లు గమనిస్తుంటారు. తేదీ చెప్పరు, చెప్పలేరు కూడా. కానీ అనుభవమున్న సిస్టరు "ఇప్పుడే రమ్మనండి" అనడానికి వెనకాడదు. ఆ మాట వేళకు చెప్పకపోతే కొడుకు విమానం దిగేదాకా తండ్రిని వెంటిలేటర్ మీద ఉంచుతాం, మాట్లాడుకునే రెండు రోజులూ పోతాయి. నా దృష్టిలో అది ప్రేమ కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా నయం కాని జబ్బని తేలితే చివరి వారం దాకా ఆగకండి. వైద్యం నడుస్తుండగానే పాలియేటివ్ కేర్‌కు చీటీ రాయమని డాక్టరును అడగండి. సిస్టర్లు ఇంటికి రాగలరా అని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో కనుక్కోండి.