అగ్నిపర్వత దర్శనము: యాత్రికుని కన్ను, స్థానికుని గొంతు

యాత్రాసాహిత్యమున రచయితకు కఠినపరీక్ష పెట్టు ఘట్టములు కొన్ని కలవు. సజీవమైన అగ్నిపర్వతమును చూచివచ్చి దానిని గూర్చి వ్రాయుట వానిలో నొకటి. నదిని గూర్చి గాని, దేవాలయమును గూర్చి గాని వ్రాయువాడు తాను చూచినదానిని తీరికగా పరిశీలింపవచ్చును. అగ్నిబిలము అంచున నిలిచినవానికి ఆ తీరిక యుండదు. గంధకపు ఘాటు ఊపిరి నడ్డగించును. భయాశ్చర్యములు రెండును ఒక్కసారిగా మనస్సు నాక్రమించును. అందుచేత పలువురు రచయితలు పర్వతమును వర్ణించుచున్నా మనుకొని తమ భయమునే వర్ణించి తిరిగివత్తురు. అది తప్పని కాదు. కాని అట్టి రచనలను వరుసగా చదివినవానికి ఒక ప్రశ్న కలుగక మానదు: ఆ కొండ పాదమున తరతరములుగా కాపురమున్నవారు ఈ పుస్తకములలో ఎక్కడ నున్నారు?

ఈ ప్రశ్నకు ఇండోనీషియా కంటె తగిన పరీక్షాస్థలము దొరకుట కష్టము. అచట సజీవములని లెక్కింపబడు అగ్నిపర్వతములు 120కి పైగా కలవు. భూమిపై పొరలోని ఒక ఫలకము మఱియొక ఫలకము క్రిందికి చొచ్చుకొని పోవుచుండగా లోతున శిల కరగి పైకి వచ్చుటయే దీనికి కారణము. ఆ కొండలు వెదజల్లిన బూడిద కాలక్రమమున సారవంతమైన మన్నగును. జావాలోని వరిమళ్లకును, ఆ దీవిలోని దట్టమైన జననివాసమునకును ఆ మన్ను పెద్ద ఆధారము. భయపెట్టు కొండయే అన్నము పెట్టు కొండ. ఈ సంగతి నెఱుగక చేసిన వర్ణన ఎంత అందముగా నున్నను సగము వర్ణనయే.

1883వ సంవత్సరము మే 20వ తేదీన సుందా జలసంధిలోని క్రకటోవా దీవి పొగలు గ్రక్క నారంభించెను. ఆ నెల 27వ తేదీన 86 మంది ప్రయాణికులు బటావియా నుండి లౌడన్ అను పొగయోడలో దానిని చూడ వెళ్లిరి. వారితో వెళ్లిన గనుల ఇంజనీరు షూర్మన్ బిలమును సమీపించి పరిశీలించెను. ఆ సందర్భమున తీసిన ఛాయాచిత్రము నేటికిని గ్రంథములలో కనుపించును. సరిగా మూడు నెలలకు, ఆగష్టు 26, 27 తేదీలలో, ఆ దీవి బ్రద్దలయ్యెను. సముద్రము ఉప్పొంగెను. ప్రభుత్వపు లెక్క ప్రకారము 36,417 మంది మరణించిరి. మే నెలలో వినోదయాత్రికులను మోసిన లౌడన్ ఓడయే ఆగష్టులో లాంపుంగ్ అఖాతమున ఆ మహాతరంగమున కెదురేగి బయటపడెను.

ఇట విమర్శకుడు గమనింపదగిన విశేష మొకటి కలదు. అగ్నిబిలమున్న దీవిపై జననివాసము లేనట్టిదే. మరణించినవారిలో అత్యధికులు జావా, సుమాత్రా తీరములవారు. వారిని చంపినది నిప్పు కాదు, నీరు. కనుక బిలము చుట్టును మాత్రమే తిరుగు వర్ణన ఆ విపత్తు యొక్క కేంద్రమునే విడిచిపెట్టినట్లగును. యాత్రికుడు శిఖరము వైపు చూచుచుండగా కథ తీరమున జరిగెను.

ఆ తీరపు కథను చెప్పినవాడు మహమ్మద్ సాలె అను మలయు కవి. లాంపుంగ్ మునిగిన వృత్తాంతమును ఆతడు 'షాయిర్ లాంపుంగ్ కరమ్' అను పేరుగల కావ్యముగా రచింపగా, ఉత్పాతము జరిగిన కొలదికాలమునకే అది సింగపూరున అచ్చుపడెను. షాయిర్ అనగా నాలుగు పాదములకును ఒకే అంత్యప్రాస నడచు మలయు ఛందోరీతి. శాస్త్రదృష్టితో చూచిన ఈ కావ్యమున కొఱతలు కలవు. విస్ఫోటనమునకు హేతువేమో ఆతడు చెప్పలేదు. కథాకథనమునకు వాడుకపడిన మూస ఛందస్సగుటచే పునరుక్తి తప్పలేదు. అయినను ఇందు గ్రామముల పేర్లు ఒక్కొక్కటిగా వినిపించును. ఒకరి నొకరు కాపాడుకొన్నవారు కనుపింతురు. ఆ కలవరములోనే పరుల సొత్తు నాశించినవారును కనుపింతురు. జనులను దేవతలుగా చేయలేదు, దయ్యములుగాను చేయలేదు. లెక్కలో 36,417గా మిగిలినవారు ఈ కావ్యమున ఊళ్లుగా, ఇండ్లుగా, మనుష్యులుగా నిలిచిరి. వర్ణనాచాతుర్యమున దీనిని మించిన యాత్రాగ్రంథములు ఎన్నియో యుండవచ్చును. సత్యనిష్ఠలో దీనితో తూగునవి కొన్నియే.

అట్లని పరదేశీయుడు వ్రాయరాదనుట అన్యాయము. లఫ్కాడియో హెర్న్ కరేబియన్ సముద్రములోని మార్టినిక్ దీవిలో సుమారు రెండేండ్లు నివసించి, 1890లో తన గ్రంథమును ప్రకటించెను. అందు పెలే పర్వతారోహణమునకు ఒక ప్రకరణము కలదు. కాని ఆతడు కొండతో తృప్తిపడలేదు. తలపై బరువులు మోయుచు కొండదారుల నడచు స్త్రీలకొక ప్రకరణము, ఏటిలో బట్టలుతుకు స్త్రీలకొక ప్రకరణము కేటాయించెను. 1902 మే 8వ తేదీన పెలే ప్రేలి సెయింట్ పియర్ పట్టణమును కొన్ని నిమిషములలో నాశనము చేసెను. సుమారు 28,000 మంది మరణించిరి. హెర్న్ ఆ జనులను వ్రాసియుండనిచో, ఆ వీథులలో తిరిగిన శ్రమజీవనమును గూర్చి నేటి పాఠకునకు తెలియునది చాల తక్కువగా నుండెడిది. రచయిత విదేశీయుడా, స్వదేశీయుడా యన్నది ముఖ్యము కాదు. ఆతడు ఎంతకాలము నిలిచెను, ఎవరివైపు చూచెను అనునదే ముఖ్యము.

ఇక భారతీయ రచయితకు ప్రత్యేకమైన ప్రలోభ మొకటి కలదు. తూర్పు జావాలోని 2,329 మీటర్ల ఎత్తుగల బ్రోమో పర్వతమునకు బ్రహ్మ పేరు నుండియే ఆ నామము వచ్చినదని చెప్పుదురు. దాని పాదమున ఇసుకసముద్రమని పిలువబడు మైదానము, ఆ మైదానమున హిందువుల ఆలయము కలవు. ఇవి చూడగానే మన యాత్రికుడు 'ఇదియు మనదే' అని పొంగిపోవును. ఆ పొంగులో అచటి తెంగెర్ జనులు మఱుగుపడుదురు. వారి కసాదా ఉత్సవమునకు మూలమైన కథ వారిదే: సంతానము లేని దంపతులు కొండను వేడుకొని బిడ్డలను పొందిరనియు, కడగొట్టు బిడ్డను కొండకు తిరిగి ఇయ్యవలసి వచ్చెననియు ఆ కథ చెప్పును. ఆనాటి ఋణమునకు గుర్తుగా నేటికిని ధాన్యమును, కూరగాయలను, కోళ్లను అగ్నిబిలములోనికి విసరుదురు. బిలపు వాలున కొందఱు వలలు పట్టుకొని నిలిచి ఆ నైవేద్యములను అందుకొందురు. భక్తియు ఆకలియు ఒకే వాలున నిలిచిన ఈ దృశ్యము ఏ రచయితకైనను గొప్ప వరము. ఆ వలలను చూడక బ్రహ్మనామమును మాత్రమే చూచినవాడు జావాకు వెళ్లియు ఇల్లు కదలనివాడే.

దీనికి వ్యతిరేకమైన దోషము కూడ కలదు. అది స్థానికుని విశ్వాసమును గుడ్డిగా కీర్తించుట. మెరాపీ పర్వతమునకు యోగ్యకర్తా సుల్తాను నియమించిన సంరక్షకుడు మ్బా మరిజాన్ 2010 అక్టోబరు 26న, కొండ దిగి పొమ్మన్నను దిగక, తన గ్రామముననే మరణించెను. ఆ విస్ఫోటనములలో మొత్తము 350 మందికి పైగా మరణించిరి. శాస్త్రజ్ఞుల హెచ్చరికను విని తరలిపోయిన వేలాది జనులు బ్రతికిరి. ఆ వృద్ధుని మూఢుడని నవ్వుట సులభము; మహాత్ముడని మ్రొక్కుటయు సులభమే. ఆతని నిష్ఠను, శాస్త్రజ్ఞుని పరికరమును ఒకే పుటలో న్యాయముగా నిలుపుట మాత్రము కష్టము. మంచి రచన ఆ కష్టమునకు ఒడంబడును.

నేడు అగ్నిపర్వతము నెక్కుట సులభమైనది. ఛాయాచిత్రములకు కొదవ లేదు. ఇజెన్ బిలమునుండి 70 కిలోలు, అంతకు మించియు గంధకమును భుజముపై మోసికొని పైకెక్కు కూలివాడు ఆ చిత్రములలో తఱచుగా కనుపించును. కాని ఆతడు పలుకడు. 2023 డిసెంబరులో సుమాత్రాలోని మరాపీ ప్రేలి 24 మంది మరణించినప్పుడు, యాత్రకును విపత్తునకును నడుమ నున్న గీత ఎంత సన్ననిదో మరల తెలిసెను.

మన భాషలో యాత్రారచనకు మంచి పునాది యున్నది. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవున ఊళ్లను, బాటలను, వసతులను, జనుల రీతులను ఓపికతో వ్రాసిపెట్టెను. తన పులకరింత కంటె తాను చూచినదానికి ఆయన ఎక్కువ చోటిచ్చెను. అగ్నిబిలము అంచున నిలువబోవు తెలుగు రచయితకు ఆ అలవాటే రక్ష. ఆతడు శిఖరమున ఒక గడియ నిలిచినచో, దిగివచ్చి ఊరిలో ఒక దినము నిలువవలెను. నిప్పును గూర్చి వ్రాయుటకు ముందు, దానిచెంత పొయ్యి రాజేసుకొన్నవారిని అడిగి తెలిసికొనవలెను.