దేశకాలౌచిత్యము – ఫైజ్ నజ్ముపై వచ్చిన వివాదము

2019 డిసెంబరు 17వ తేదీని కాన్పూరు ఐ.ఐ.టి. ప్రాంగణమున విద్యార్థులు గుంపుగాఁ గూడి, ఫైజ్ అహ్మద్ ఫైజ్ రచించిన యొక యుర్దూ నజ్మును జదివిరి. అంతకు నాఱుదినములు ముందు పార్లమెంటు పౌరసత్వ సవరణ శాసనము నామోదించెను. ఆఫ్గనిస్థానము, బంగ్లాదేశము, పాకిస్థానములనుండి 2014 డిసెంబరు 31 నాఁటికి వచ్చియున్న హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పారసీక, క్రైస్తవులకుఁ బౌరత్వమార్గమును సుగమము చేసి, మహమ్మదీయులను బేర్కొనకుండుటయే యా శాసనముపై వచ్చిన ప్రధానాక్షేపణము. 15వ తేదీని ఢిల్లీలోని జామియా మిల్లియా విశ్వవిద్యాలయమునఁ బోలీసులు చొచ్చినపిదప విద్యార్థుల నిరసనము దేశమంతట వ్యాపించెను. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము సైతము దానికి వెలిగా నుండలేదు. 2024 మార్చిలో నియమములు వెలువడి శాసన మమలులోనికి వచ్చినది. దాని మంచిచెడ్డలు న్యాయవేత్తలకు విషయములు.

సాహిత్యపరిశోధకులు విడువరానిది వేఱొకటి గలదు. నజ్మునందలి కొన్ని పాదములు హిందూమతమును గించపఱచుచున్నవని యొక యధ్యాపకుఁడు ఫిర్యాదు చేయఁగా, సంస్థ విచారణసంఘమును నియమించెను. విచారింపఁదలఁచినది నజ్మును గాదని యధికారులు తరువాతఁ దెల్పిరి. ఆ పఠనము దేశకాలములకుఁ దగినది కాదని సంఘము తేల్చినట్లు 2020 మార్చిలోఁ బత్రికలు ప్రకటించినవి. దేశకాలములను మాట యాలంకారికులకుఁ జిరపరిచితము. కావుననే యీ విచారణము.

ఆక్షేపణమునకు మూలమైన భావములు రెండు. దేవుని భూమియను కాబానుండి విగ్రహములు తొలఁగింపఁబడునని యొకటి. తుదకు భగవన్నామ మొక్కటియే నిలుచునని రెండవది. అభిధను మాత్రమే యాశ్రయించువారి కిందు విగ్రహారాధననిషేధము తోఁచుట వింతగాదు. సమర్థించినవారిలోఁ బలువు రిందు మతప్రసక్తియే లేదనిరి. అదియు సరికాదు. శీర్షికయే కురాను 55వ సూరానుండి గ్రహింపఁబడినది. పర్వతములు దూదివలె నెగిరిపోవుట 101వ సూరాలోని ప్రళయవర్ణనము. విగ్రహములను దీయుట క్రీ.శ. 630లో మక్కావిజయానంతరము జరిగిన కథ. మతభాషను దీసివేసినచో నీ నజ్మున మిగులునది స్వల్పము.

మఱి యంతటి మతభాష యేల? ఫైజ్ (1911–1984) సామ్యవాది. రావల్పిండి కుట్రకేసున 1951 మొదలు 1955 వఱకుఁ జెఱనున్నవాఁడు. 1962లో లెనిన్ శాంతిబహుమానము నందినవాఁడు. నజ్ము 1979 నాఁటిది. జనరల్ జియా-ఉల్-హక్ 1977 జులైలో రాజ్యము నాక్రమించి, మతమే తన యధికారమునకుఁ బ్రమాణమని చాటుచుండెను. కవి యా ప్రమాణమునే కైకొని పాలకునిపైఁ బ్రయోగించెను. దేవుని స్థానమునఁ గూర్చుండిన రాజే యిచటి విగ్రహము. పుణ్యస్థలమునుండి వెలివేయఁబడిన పవిత్రులు పీఠమెక్కుట, కిరీటము లెగురుట, సింహాసనములు కూలుట యను తరువాతి మాటలే యందులకు సాక్ష్యము. మఱియుఁ బారసీక, యుర్దూ కవిసమయమున 'బుత్' అనఁగా విగ్రహము కఠినహృదయయగు ప్రేయసికిఁ బేరు. తెలుఁగుకవుల చకోరము వెన్నెల త్రావుటను జంతుశాస్త్రముగా నెవ్వరును జదువరు గదా! 1986లో లాహోరున నిక్బాల్ బానో యీ నజ్మును బాడిన ధ్వనిముద్రణము నేఁడును లభించుచున్నది. కిరీటముల మాట రాఁగానే సభ నినాదములతో మాఱుమ్రోగినది. విగ్రహ మెవరో యా సభకుఁ దెలియును.

నజ్మున వినవచ్చు 'అనల్‌హక్' అను నినాదమును గుఱించి యొకమాట. 922లో బాగ్దాదున మరణదండన నొందిన మన్సూర్ హల్లాజ్ పలికినదిగాఁ బ్రసిద్ధమైన యీ మాటను ఉపనిషన్మహావాక్యముతోఁ బోల్చుట గలదు. పోలిక హృద్యమే; కాని సూఫీల 'హక్' తత్త్వమును శాంకరాద్వైతమును నొక్కటిగాఁ జేయుట తొందరపాటు. ఇచట నవసరమైనది వేఱు: హల్లాజ్ ఆనాఁటి ధర్మాధికారుల తీర్పుపైఁ జంపఁబడినవాఁడు. మతాధికారమును బొగడఁదలఁచిన కవి యాతనిమాటను జనుల నోట నుంచఁడు.

ఇఁక దేశకాలములు. క్షేమేంద్రుఁడు ఔచిత్యవిచారచర్చలో దేశౌచిత్యమును గాలౌచిత్యమును వేర్వేఱుగాఁ బేర్కొనెను. అవి కావ్యములోని యర్థమునకు సంబంధించినవి. పద్యపఠనమున కనుమతిపత్రము లిచ్చుటకుఁ గావు. మమ్మటుఁడో, వక్త, శ్రోత, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువాని విశేషముచేతనే వ్యంగ్యార్థము స్ఫురించునని చెప్పెను. ప్రొద్దుగ్రుంకినదను నొక్కమాటయే గోపాలకున కొకటి, అభిసారిక కొకటి తెలుపునని శాస్త్రప్రసిద్ధమైన యుదాహరణము. కావున దేశకాలములు మాఱుట దోషముగాదు; క్రొత్తధ్వని కదియే హేతువు.

అయినను నా క్రొత్తధ్వని యెట్టిదను ప్రశ్న తప్పదు. జియా యెదుట నీ నజ్మునకున్న పదును కాన్పూరున లేదు. భారతప్రభుత్వము కురానును బ్రమాణముగాఁ జెప్పుకొన్నది గాదు. ప్రత్యర్థి కత్తితోనే ప్రత్యర్థిని గొట్టుటయను చమత్కార మిచట జాఱిపోయినది. పైఁగా విగ్రహములు నిత్యపూజలందు దేశమున నా పదమునకుఁ గవి తలఁపని వాచ్యార్థభార మెక్కినది. చదివినవారి యుద్దేశము మతద్వేషము గాదనుట సందర్భముననే స్పష్టము. కాని విన్నవారందఱు నుర్దూ కవిసమయము నెఱిఁగినవారు గారు. ఈ నష్టమును సమర్థకు లొప్పుకొనియున్న వారి వాద మింకను బలపడియుండెడిది. నిలిచినదియుఁ గలదు. నజ్మునకుఁ బ్రాణము క్రోధము గాదు, నిరీక్షణము. న్యాయదినము వచ్చితీరునను నమ్మకము. అన్యాయమని తమకుఁ దోఁచిన శాసనము నెదిరించు బాలుర నోట నది చెడలేదు.

ఈ వివాదము తెలుఁగనువాదకునికిఁ జిక్కు దెచ్చును. 'బుత్'ను విగ్రహమనినఁ గాన్పూరు ఫిర్యాదే తెలుఁగునఁ బునరుక్తమగును. ఈ భాషలో విగ్రహమునకుఁ బ్రేయసి యను ప్రసిద్ధి లేదు. దైవమ్మన్యులని మార్చినఁ దాత్పర్యము తేటపడును గాని, వ్యంగ్యము వాచ్యమై చమత్కారము నశించును. బొమ్మ యను మాట కొంత మేలు: అందమైనదానికిని, బ్రాణము లేనిదానికిని దెలుఁగున నదియే పేరు. కాని బొమ్మను దీయుటలో మక్కా కథ వినఁబడదు. కాబా పదమును మూలమందువలెనే నిలిపి, బొమ్మ యని తెనిఁగించి, క్రింద టిప్పణమునఁ గథ చెప్పుటయే ప్రస్తుతమునకు దారి.